మంచు మీద జారుడుబండ

జారుడుబండ ఎక్కి జారని పిల్లలు ఎక్కడా ఉండరు. ఈ రోజుల్లో బడి ఆవరణలో ఇనపరేకుతోనో, ప్లాస్టిక్కుతోనో చేసినదాన్ని కూడా మనం జారుడుబండ అనే అంటాం. కాని ఆ మాటలో ఉన్నది బండ, అంటే రాయి. రేకులూ, ప్లాస్టిక్కూ రాక పూర్వం మన పిల్లలు నున్నటి రాతిబండ మీద కూచుని జర్రున జారేవారన్న మాట. లాగులు చిరిగేవి, ఇంటికి వెళితే వీపులు మోగేవి. అయినా మర్నాడు మళ్ళీ ఎక్కేవారు.

నిజామాబాదు జిల్లా పిల్లలకు బండల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నవీపేట నుంచి ఆర్మూరు వెళితే నవనాథ సిద్ధుల గుట్ట కనిపిస్తుంది. నల్లని పెద్ద పెద్ద బండలు, ఎవరో తీరిగ్గా పేర్చినట్టు, ఒకదానిపై ఒకటి ఉంటాయి. అటువంటి గుట్ట ఒకటి పైనుంచి కిందిదాకా తెల్లని మంచుతో కప్పబడి ఉన్నదనుకోండి. రాళ్ళు కనిపించవు, ముళ్ళకంపలు కనిపించవు. అంతా తెల్లదుప్పటి పరిచినట్టుంటుంది. అప్పుడు పిల్లలూ, పెద్దలూ, తాతలూ కూడా కాళ్ళకు రెండు పొడుగాటి బద్దలు తగిలించుకుని, ఆ గుట్ట మీదినుంచి కూచుని కాదు, నిలబడే జారుతారు. ఈ ఆటకు స్కీయింగ్ అని పేరు. ఆ బద్దలే స్కీలు.

ఇక్కడ ఒక చిక్కున్నది. మనకు మంచు అంటే మార్గశిర పుష్యాలలో తెల్లవారుజామున పసుపుచేల మీద కమ్ముకునేది. ఎండ పొడచూపగానే మాయమయ్యేది. మేము చెప్పే మంచు అది కాదు. ఇది ఆకాశం నుంచి దూది పింజలలాగా రాలి, నేలమీద మూరెడు ఎత్తున పేరుకుని, నెలల తరబడి కరగకుండా ఉండే మంచు. మన దేశంలో దాన్ని చూడాలంటే హిమాలయాలకు వెళ్ళాలి. కాశ్మీరులోని గుల్మర్గ్‌లోను, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోను స్కీయింగ్ చేస్తారు. గుల్మర్గ్ కుర్రవాడు ఆరిఫ్ ఖాన్ నాలుగో ఏటనే స్కీలు తొడిగాడు. అతని తండ్రికి అక్కడ స్కీల దుకాణం ఉండేది. 2022లో బీజింగ్‌లో జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలకు మన దేశం నుంచి వెళ్ళినది అతనొక్కడే! హైదరాబాదులో 2004లో స్నో వరల్డ్ తెరిచి యంత్రాలతో మంచు తయారుచేసి చూపించారు. అది ఒక గదిలోని మంచు. సరదాకు బాగానే ఉంటుంది గాని, గుట్ట గుట్టే.

అయితే స్కీయింగ్‌కు హిమాలయాలంత కొండలు ఉండి తీరాలా? అక్కరలేదు. అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రమున్నది. అక్కడ కొండలు లేవనే చెప్పాలి. అంతా మెరక, పల్లం, ఎక్కడ చూసినా చెరువులు. దాన్ని పదివేల చెరువుల రాష్ట్రమని పిలుస్తారు. మన హైదరాబాదు సికిందరాబాదుల లాగా అక్కడ మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాలు. వాటికి దక్షిణంగా బర్న్స్‌విల్ అనే ఊళ్ళో, పెద్ద రస్తా పక్కనే, బక్ హిల్ అనే గుట్ట ఉన్నది. బక్ అంటే మగజింక. 1954లో చక్ స్టోన్, నాన్సీ స్టోన్ అనే దంపతులు దాన్ని స్కీగుట్టగా తెరిచారు. గుట్ట ఎత్తు సుమారు 300 అడుగులు మాత్రమే.

ఆ జంటనగరాలలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉద్యోగాలు చేసుకుంటున్నారు. నిజామాబాదు జిల్లా నుంచి వెళ్ళిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మ, బాపు, పదకొండేళ్ళ పిల్లవాడు, ఎనిమిదేళ్ళ పిల్ల. ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన బాపమ్మ. పేర్లు మీకు నచ్చినవి పెట్టుకోండి. మార్చి నెలలో ఒక ఆదివారం. మన జిల్లాలో అప్పటికి పసుపు ఉడకబెట్టి కళ్ళాల్లో ఆరబోస్తూ ఉంటారు, మోదుగుచెట్లు ఎర్రగా పూసి ఉంటాయి. అక్కడ మాత్రం వసంతమంటే మంచు కరగటం మొదలుపెట్టటమే. పగలు వేడి 5 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వస్తుంది, రాత్రి మళ్ళీ సున్నాకు దిగువకు పడిపోతుంది. జనవరిలో ఒక్కొక్కప్పుడు సున్నాకు 20 డిగ్రీల దిగువను చూసినవాళ్ళకు ఇది ఎండాకాలం కిందే లెక్క. పొరుగింటి తాత ఒకడు వాళ్ళకు తోడు బయలుదేరాడు. అతని ముత్తాతలు నార్వే దేశం నుంచి వలస వచ్చినవారు. ఆ ప్రాంతంలో అటువంటి కుటుంబాలు ఎన్నో ఉన్నవి. పిల్లవాడి స్నేహితుడూ, వాడి చెల్లెలూ, వాళ్ళ అమ్మానాన్నా మరో కారులో వచ్చారు. బండిలో పులిహోర డబ్బా, సకినాలు, ఫ్లాస్కులో వేడి వేడి చాయ్. బాపమ్మ లేకపోతే సకినాలు ఎక్కణ్ణించి వస్తాయి?

ఉదయం తొమ్మిదికే గుట్ట దగ్గరకు చేరారు. కాని తాత ఎవ్వరినీ మంచు మీదికి పోనివ్వలేదు. "ఇంకొక గంట ఆగండి," అన్నాడు. రాత్రి చలికి మంచు గడ్డకట్టి, పైపొర గాజులాగా గట్టిపడి ఉన్నది. దాని మీద స్కీలు పట్టుదొరకవు. పడితే మోకాలి చిప్పలు పగులుతాయి. ఈ గంటలో స్కీలు తొడిగే పని చూసుకోవచ్చు.

మొదట బూట్లు. అవి మామూలు బూట్ల వంటివి కావు. మడమ కదలకుండా బిగించే గట్టి పెట్టెలు. వాటిని స్కీ మీద ఒక కొక్కెంలో టక్కుమని దిగేలా తొక్కాలి. పడినప్పుడు ఈ కొక్కెం తనంతట తానే వదిలేస్తుంది. ఇది చిన్న విషయంలాగా కనిపిస్తుంది గాని, పూర్వం ఇలా ఉండేది కాదు. కాలు స్కీకి గట్టిగా కట్టి ఉండేది. మనిషి పడితే పొడుగాటి స్కీ మెలితిరిగి, దానితోపాటు కాలూ మెలితిరిగి ఎముక విరిగేది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన యాల్మార్ వామ్ అనే ఆటగాడు 1937లో అలాగే కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి మంచం మీద పడుకుని, కాలిని దానంతట అదే వదిలే కొక్కెం ఎలా ఉండాలో ఆలోచించి బొమ్మ గీశాడు. ఆ ఆలోచన ఎందరి కాళ్ళను కాపాడిందో లెక్కలేదు.

బాపమ్మ ఈ ఏర్పాట్లన్నీ చూస్తూ, "గీ కట్టెలు కాళ్ళకు కట్టుకొని ఎట్ల నడుస్తవే బిడ్డా?" అన్నది.

"నడిచేది లేదు బాపమ్మా, జారుడే!" అన్నది పిల్ల.

బాపమ్మ అన్న మాటలో తప్పేమీ లేదు. స్కీ అన్న మాటకు నార్వే వాళ్ళ పాతభాషలో చీల్చిన చెక్క అనే అర్థం. రష్యాలో బురదనేలలో పూడిపోయిన స్కీముక్కలు దొరికాయి. అవి సుమారు 8,000 ఏళ్ళ నాటివి. అప్పుడు అది ఆట కాదు. మంచులో దిగబడకుండా వేటకు పోవటానికి మనుషులు ఆ చెక్కలు తొడిగేవారు. ఆటగా మార్చినవాళ్ళలో ముఖ్యుడు నార్వేలోని టెలిమార్క్ ప్రాంతపు పేదరైతు సోండ్రే నోర్‌హైమ్. ఆయన 1825లో పుట్టాడు. అంతవరకూ బూటు ముందుభాగాన్ని మాత్రమే స్కీకి కట్టేవారు. ఆయన మెలితిప్పిన లేతకొమ్మలతో మడమను కూడా కట్టి, స్కీని నడుమ కాస్త సన్నగా చెక్కాడు. దానితో గంతులు వేయటానికీ, అనుకున్న చోట మలుపు తిరగటానికీ వీలయింది. ఆయన ముసలితనంలో అమెరికాకు వలసవచ్చి, మిన్నెసోటాకు పక్కనే ఉన్న నార్త్ డకోటాలో 1897లో పోయాడు. ఆ చుట్టుపక్కల నేలంతా బల్లపరుపు! కొండల్లో జారిన మనిషికి అక్కడ ఎలా తోచిందో పాపం.

పది గంటలయింది. ఎండ గుట్టను తాకింది. తాత కర్రతో మంచును పొడిచి చూశాడు. పైన ఒక అంగుళం మందాన మెత్తబడింది. ఇప్పుడు అది తెల్లగా, జొన్నగింజలంత గుండ్రని పలుకులుగా ఉన్నది. ఇదే వసంతకాలపు మంచు ప్రత్యేకత. శీతకాలంలో రాలిన మంచుపింజకు ఆరు కొనలుంటాయి, నక్షత్రంలాగా. వసంతం వచ్చాక పగలు కాస్త కరిగి, రాత్రి మళ్ళీ గడ్డకట్టి, ఇలా రోజూ జరిగేసరికి కొనలన్నీ అరిగిపోయి, పక్కపక్క పలుకులు కలిసిపోయి, గుండ్రని గింజలవుతాయి. వాటి మీద స్కీ హాయిగా తిరుగుతుంది. స్కీ చేసేవాళ్ళు ఈ గింజమంచు కోసం శీతకాలమంతా ఎదురుచూస్తారు. అయితే దాని ఆయుష్షు రోజుకు రెండు మూడు గంటలే.

ఇంతకూ మంచు ఎందుకు జారుతుంది? గాజు కూడా నున్నగానే ఉంటుంది, కాని దాని మీద మనం అలా జారం. పూర్వం శాస్త్రజ్ఞులు, మనిషి బరువు వల్ల స్కీ కింద మంచు కరిగి నీరవుతుందనీ, ఆ నీరే నూనెలాగా పనిచేస్తుందనీ అనుకున్నారు. లెక్క కట్టి చూస్తే ఆ బరువు చాలదని తేలింది. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు అసలు సంగతి రాపిడి అని చూపారు. చలికాలంలో మీరు అరచేతులు రుద్దుకుంటే వేడి పుడుతుంది కదా? అలాగే స్కీ మంచును రాసుకుంటూ పోతుంటే పుట్టిన వేడికి పలచని నీటిపొర ఏర్పడుతుంది. మరొక కారణం కూడా ఉన్నది. మంచుగడ్డ లోపలి అణువులకు అన్ని పక్కలా చెయ్యి పట్టుకునే జతగాళ్ళు ఉంటారు. పైపొరలోని వాటికి పైవైపు ఎవ్వరూ ఉండరు. అందుచేత అవి గట్టిగా నిలవలేక, అటూ ఇటూ దొర్లుతూ ఉంటాయి. మరీ చలి ఎక్కువైతే ఈ దొర్లటం తగ్గుతుంది, నీటిపొర కూడా సరిగా ఏర్పడదు. సున్నాకు 30 డిగ్రీల దిగువన మంచు ఇసకలాగా పట్టుకుంటుంది!

పాఠం మొదలయింది. మొదటి పాఠం జారటం కాదు, ఆగటం. స్కీల ముందుకొనలు దగ్గరికి, వెనకకొనలు దూరంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచాలి. పైనుంచి చూస్తే సమోసా ఆకారం. అప్పుడు స్కీల లోపలి అంచులు మంచును గీరుతూ వేగాన్ని తగ్గిస్తాయి. సమోసా ఎంత వెడల్పయితే వేగం అంత తక్కువ. రెండు స్కీలూ సమంగా, రైలుపట్టాలలాగా పెడితే వేగం వస్తుంది. "సమోసా! సమోసా!" అని అమ్మ కింద నిలబడి కేకలు పెడుతున్నది. పిల్ల పట్టాల మీదనే వచ్చి, అమ్మనూ, పక్కనున్న స్నేహితుడి చెల్లెలినీ కలిపి పడగొట్టింది. ముగ్గురూ మంచులో దొర్లారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని తాత నవ్వలేదు. దగ్గరికి వచ్చి స్కీగుట్ట చట్టం చెప్పాడు: కింద ఉన్నవాళ్ళకు వెనక కళ్ళుండవు, కనక పైనుంచి వచ్చేవాళ్ళే తప్పుకోవాలి. పడబోతున్నామని తెలిస్తే పక్కకు పడాలి, చేతులు ముందుకు చాచి పడకూడదు. తలకు టోపీ, గట్టిది, ఎప్పుడూ తియ్యకూడదు.

జారటం క్షణంలో అయిపోతుంది. మళ్ళీ పైకి ఎక్కటమో? పూర్వం స్కీలు భుజాన వేసుకుని, రొప్పుతూ నడిచి ఎక్కేవారు. రోజంతా ఎక్కితే నాలుగైదు సార్లు జారటం దక్కేది. 1934లో వెర్మాంట్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ అనే ఊరి పక్కన, ఒక రైతు పశువులు మేపుకునే గుట్ట ఉన్నది. దాని మీద కొందరు పాత ఫోర్డు కారు ఇంజనుకు తాడు తగిలించి, గిలక మీదుగా పైకీ కిందికీ తిప్పారు. మన బావి మీద గిలక ఉండదూ, అదే ఉపాయం. తాడు పట్టుకుంటే చాలు, స్కీల మీద నిలబడ్డ మనిషిని అది పైకి ఈడ్చుకుపోతుంది. అమెరికాలో ఇటువంటి తాడు అదే మొదటిది. ఆ తరవాత ఎక్కడ చిన్నగుట్ట ఉంటే అక్కడ ఒక ఇంజనూ, ఒక తాడూ వెలిశాయి. రెండేళ్ళకు, 1936లో, సన్ వాలీ అనే చోట కుర్చీలు వేలాడే తాడు వచ్చింది. దాన్ని కనిపెట్టిన జిమ్ కర్రన్ అనే ఇంజనీరు, అరటిగెలలను ఓడల్లోకి ఎక్కించే కొక్కేల తాడు ఎలా పనిచేస్తుందో ఎరిగినవాడు. గెలకు బదులు కొక్కేనికి కుర్చీ తగిలిస్తే మనిషి కూచోవచ్చునని అతనికి తోచింది. అరటిపళ్ళు తినేవాళ్ళు కోట్లమంది ఉన్నారు, ఈ ఆలోచన మాత్రం ఒక్కడికే వచ్చింది!

బక్ హిల్ మీద కుర్చీలూ ఉన్నవి, తాళ్ళూ ఉన్నవి. మన పిల్లవాడూ, వాడి స్నేహితుడూ పన్నెండు గంటలయ్యేసరికి ఎన్నిసార్లు ఎక్కి దిగారో లెక్క మరిచిపోయారు. చెల్లెలు కూడా సమోసా వేసి ఆగటం నేర్చుకున్నది. అందరూ బండి దగ్గర చేరి పులిహోర తిన్నారు. తాతకు సకినం పెడితే చేగోడీ అనుకుని ఒకేసారి కొరికాడు. అది ముక్కలై మంచులో పడింది. బాపమ్మ గుట్టను కిందినుంచి పైదాకా మరోసారి చూసి, "ఇది గూడ గుట్టనేనా? మన భువనగిరి గుట్ట దీనికన్న ఎత్తుంటది," అన్నది.

బాపమ్మ మాట అక్షరాలా నిజం. భువనగిరిలో ఉన్నది ఒకే ఒక్క రాతిబండ. చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దాని మీద కోట కట్టించాడు. ఆ బండ ఎత్తు సుమారు 500 అడుగులు. కాని ఈ 300 అడుగుల గుట్ట సంగతి వినండి. ఇక్కడికి పసితనం నుంచి లిండ్సీ వాన్ అనే పిల్ల స్కీయింగ్‌కు వచ్చేది. ఆమె 1984లో సెయింట్ పాల్‌లో పుట్టి బర్న్స్‌విల్‌లో పెరిగింది. ఎరిక్ సైలర్ అనే గురువు సాయంత్రాలు దీపాల వెలుతురులో పిల్లల చేత సాధన చేయించేవాడు. గుట్ట చిన్నది కావటమే ఇక్కడ లాభించింది. పెద్ద కొండ మీద ఒకసారి దిగి మళ్ళీ పైకి పోవటానికి చాలాసేపు పడుతుంది. చిన్నగుట్ట మీద దిగటం అరనిమిషం, తాడు పట్టుకుని పోవటం ఒక నిమిషం. ఒక్క సాయంత్రంలో వందల మలుపులు తిరగవచ్చు. తప్పుచేసిన మలుపును మరిచిపోకముందే మళ్ళీ అదే మలుపు దగ్గర ఉంటాం. ఆ పిల్ల 2010లో వాంకూవర్ ఒలింపిక్ క్రీడల్లో, అన్నిటికన్నా వేగంగా దిగే డౌన్‌హిల్ పందెంలో బంగారు పతకం గెలిచింది.

భువనగిరి బండ కూడా అటువంటి పనే చేసింది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకుల పాఠశాలలో చదివేది. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె మొట్టమొదట నడుముకు తాడు కట్టుకుని ఎక్కినది ఈ భువనగిరి బండనే. తరవాత డార్జిలింగ్‌లోనూ, చలికాలపు లదాఖ్‌లోనూ మంచుమీద నడవటం నేర్చుకున్నది. 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అంత చిన్నవయసులో ఎక్కిన ఆడపిల్ల మరొకరు లేరు. ఆమెతోపాటే ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. 2022లో అలాస్కాలోని డెనాలి ఎక్కటంతో పూర్ణ ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలనూ పూర్తి చేసింది.

ఈ మాట వచ్చింది కనక ఇదీ చెప్పాలి: ఎవరెస్టు నుంచి స్కీల మీద దిగిన మనిషి ఉన్నాడు! స్లోవేనియా దేశస్థుడు దావో కార్నిచార్ 2000 సంవత్సరం అక్టోబరులో శిఖరం నుంచి కింది శిబిరం దాకా స్కీలు విప్పకుండా వచ్చాడు. పూర్ణ పుట్టినది కూడా ఆ సంవత్సరమే. మీలో ఎవరైనా ఇది ఇంట్లో చెబితే నమ్మకపోవచ్చు, నిజమే.

ఒంటిగంట దాటింది. మంచు తీరు మారిపోయింది. గింజలు సగం నీళ్ళయి, సగ్గుబియ్యం పాయసంలాగా స్కీలకు అంటుకుంటున్నవి. పలచని నీటిపొర జారుస్తుంది. నీరు మరీ ఎక్కువైతే స్కీని పీల్చి పట్టుకుంటుంది. తడిపలక మీద మరో తడిపలక పెట్టి లాగి చూడండి, మీకే తెలుస్తుంది. పిల్లవాడు వేగంగా వచ్చి, ఆ పాయసంలో ఠక్కున ఆగిపోయి, స్కీలు వెనక వదిలేసి తాను మాత్రం ముందుకు వెళ్ళి బోర్లా పడ్డాడు. వామ్‌గారి కొక్కెం తన పని తాను చేసింది. బాపమ్మ గుండెలు బాదుకున్నది. వాడు లేచి మంచు దులుపుకున్నాడు.

అమ్మ అందరికీ మళ్ళీ ముఖానికి లేపనం రాసింది. చలిగా ఉన్నా ఎండ కాలుస్తుంది. కొత్తమంచు తనమీద పడిన వెలుతురులో నూటికి 80 పాళ్ళకు పైగా తిరగగొడుతుంది. పాతమంచు కొంత తక్కువ. అంటే ఎండ పైనుంచీ వస్తుంది, కిందినుంచీ వస్తుంది. గడ్డం కింద, ముక్కు దూలం కింద కమిలిపోతుంది. నల్లకళ్ళజోడు లేకపోతే కళ్ళు ఎర్రబడి, ఇసక పోసినట్టు మండుతాయి.

గుట్ట పైనుంచి చూసిన పిల్లవాడికి ఒక వింత కనిపించింది. గుట్ట మాత్రమే తెల్లగా ఉన్నది. చుట్టూ ఇళ్ళ ముందు గడ్డి, రస్తా, చెట్లు అన్నీ బూడిదరంగులో ఉన్నవి. అక్కడ మంచు ఎప్పుడో పోయింది. "మరి ఇక్కడ మాత్రం ఎందుకున్నది?" అని అడిగాడు.

ఎందుకంటే ఇక్కడి మంచులో చాలాభాగం ఆకాశం నుంచి రాలినది కాదు, మనుషులు చేసినది. 1950లో కనెక్టికట్ రాష్ట్రంలో స్కీలు తయారుచేసే ముగ్గురికి, ఆ ఏడు మంచు పడక సరుకు అమ్ముడుపోలేదు. వాళ్ళు గాలియంత్రానికి నీటిగొట్టం తగిలించి చలిగాలిలోకి చిమ్మారు. నీటితుంపర నేలను చేరేలోపల గడ్డకట్టి మంచుగా రాలింది. ఇది మనకు తెలియని సూత్రం కాదు. ఎండాకాలంలో కూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? కూజా ఒంటినుంచి కొంత నీరు ఆవిరవుతూ, మిగిలిన నీటి వేడిని పట్టుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లబడుతుంది. తుంపర సంగతీ అంతే. గాలి పొడిగా ఉంటే సున్నా డిగ్రీల దగ్గర కూడా మంచు చేయవచ్చు. గాలిలో తేమ ఉంటే ఇంకా చలి కావాలి.

కాని ఎంత యంత్రమైనా చలిని మాత్రం తయారుచేయలేదు. 2023-24 శీతకాలం మిన్నెసోటాలో లెక్కలు రాయటం మొదలుపెట్టిన తరవాత అన్నిటికన్నా వెచ్చనిది. పక్కనున్న విస్కాన్సిన్‌లో ఏటా ఒక పెద్ద స్కీ పరుగు జరుగుతుంది. సుమారు 50 కిలోమీటర్లు అడవిలోనుంచి పోతారు. 2024 ఫిబ్రవరిలో దారిలో మంచే లేదు. యంత్రాలతో మంచు చేసి, 10 కిలోమీటర్ల చుట్టుదారి పరిచి, అందరూ దాని మీదనే మళ్ళీ మళ్ళీ తిరిగారు. భూమి వేడెక్కటం ముందుగా తగిలేది ఇటువంటి చిన్నగుట్టలకే. పెద్ద కొండ మీద కింద మంచు లేకపోతే ఇంకా పైకి పోవచ్చు. 300 అడుగుల గుట్ట ఎక్కడికి పోతుంది? యంత్రాలకూ, కరెంటుకూ, నీటికీ డబ్బు కావాలి. చలిరోజులు తగ్గిపోతే ఆ డబ్బు రాదు. అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లాండ్ ప్రాంతం ఒక్కదానిలోనే మూతపడిన స్కీగుట్టలు 600కు పైగా లెక్కకు వచ్చాయి. అన్నీ వేడి వల్లనే పోలేదు. కొన్ని అప్పుల వల్ల, కొన్ని యజమానులు పోవటం వల్ల పోయాయి. వాటిలో చాలాభాగం ఒక తాడూ, ఒక ఇంజనూ ఉన్న పల్లెగుట్టలే. అక్కడ మళ్ళీ చెట్లు మొలిచాయి. ఆ చెట్ల మధ్య తుప్పుపట్టిన గిలకలు ఇప్పటికీ కనిపిస్తాయట.

తాత మిన్నెసోటాలోనే పుట్టి పెరిగినవాడు. అతని చిన్నతనంలో మార్చిలో పెరటి మంచు మీదనే స్కీ చేసేవారట. "మరి నేను పెద్దయ్యాక?" అని పిల్ల అడిగింది. తాత దానికి జవాబు చెప్పలేదు. లేచి కర్రలు పుచ్చుకుని, "రా, ఇంకొకసారి పోదాం," అన్నాడు.

నాలుగు గంటలకు నీడలు పడి, పాయసం మళ్ళీ గట్టిపడటం మొదలుపెట్టింది. కాళ్ళు అలిసినప్పుడే ఎక్కువమంది పడతారని తాత అందరి స్కీలూ విప్పించాడు. బూట్లు తీసేసి మామూలు చెప్పులు వేసుకోగానే కాళ్ళు గాలిలో తేలుతున్నట్టున్నదని పిల్లలు గంతులు వేశారు. బాపు స్కీలను గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. తడిగా ఉంచితే వాటి ఉక్కుఅంచులు తుప్పుపడతాయి. పిల్ల బూట్లలో కాలివేళ్ళు అప్పుడే ముందుకు తగులుతున్నవి. వచ్చే ఏటికి అవి పనికిరావు. వాటినీ, ఆ పొట్టిస్కీలనూ స్నేహితుడి చెల్లెలికి ఇవ్వాలని ఇద్దరు తల్లులూ అక్కడికక్కడే మాట్లాడుకున్నారు. ఆ చిన్నది వెంటనే వాటిని ఎత్తుకుని తమ కారులో పెట్టుకున్నది. మర్నాడు గుట్ట తెరిచి ఉంటుందా అని ఎవరో అడిగితే, రాత్రి చలిని బట్టి చెబుతామని కాపలావాడు అన్నాడు.